కొత్త వర్షన్, పాత చెవులు

కృష్ణగిరి,
ఫిబ్రవరి, సోమవారం సాయంత్రం

అర్పితా,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఉత్తరం రాయవే" అని పెట్టేస్తావు. హాస్టల్లో నా పక్క మంచం మీద పడుకుని వార్డెన్ తిట్టేదాకా వాగినదానివి, ఇప్పుడు నీకు మాట్లాడే తీరిక లేదట! సరే, మూలన పడేసిన బ్రెయిల్ స్లేటూ సూదీ వెతికి తీశాను. మందపాటి కాగితం దొరకలేదు. పాత క్యాలెండర్ షీట్ల వెనక పొడుస్తున్నాను. చుక్కలు వేలికి సరిగా తగలకపోతే క్యాలెండర్ని తిట్టు, నన్ను కాదు. తమిళానికి నేర్పిన ఆ చుక్కలే తెలుగుకూ సరిపోతాయని మనం కనిపెట్టిన రోజు గుర్తుందా? క్లాసులో తెలుగు రానివాళ్లందరి ముందూ రహస్యాలు రాసుకునేవాళ్లం. మన బ్రెయిల్ ఉత్తరాలకు స్టాంపు అక్కర్లేకపోవడం ఒక్కటే ప్రభుత్వం మనకిచ్చిన విలాసం.

ఇక అసలు సంగతి. మా మామిడి రైతుల సంఘం ఆఫీసులో నా పని నీకు తెలిసిందే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీవాళ్లు ఆర్డర్లు కంప్యూటర్‌కు పంపి ఫోన్ చేస్తారు, వాటిని కంప్యూటర్ నాకు చదివి వినిపిస్తుంది, ఏ ఊరినుంచి ఎన్ని క్రేట్లు పంపాలో నేను చెబుతాను. శనివారం హేమంత్ వచ్చి ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వర్షన్ వేసి వెళ్లాడు. మా కంప్యూటర్లు చూసేది అతనే. ఈ ఉదయం నేను మిషన్ ఆన్ చేశాను. మొదట్లో వచ్చే చిన్న సంగీతం వచ్చింది. ఆ తర్వాత చడీచప్పుడూ లేదు. ఏ కీ నొక్కినా గోడతో మాట్లాడినట్టే ఉంది.

హేమంత్‌కు ఫోన్ చేశాను. "అంతా చెక్ చేసినాను అక్కా. స్క్రీన్ బ్రహ్మాండంగా వస్తా వుంది" అన్నాడు.

"స్క్రీన్ నాకెందుకప్పా?" అన్నాను. ఆ మాట అతనికి అప్పుడే తట్టినట్టుంది.

మేనేజర్ కోదండరామయ్య సార్ మాత్రం నెమ్మదిగానే చెప్పారు. "సీజన్ మొదలయ్యేలోపల సరి చేయించుకోమ్మా. అంతవరకూ నువ్వు ఫోన్ ఎత్తు, కంప్యూటర్ ఇంకొకరు చూస్తారు." నెమ్మదిగా చెప్పినా మాట గుచ్చుకుంది. నా పని ఇంకొకరు చేస్తుంటే నేను పక్కన కూర్చుని ఫోన్ పట్టుకోవాలట.

మనలో కంప్యూటర్ లోపలిదాకా తెలిసినదానివి నువ్వే. ఏం చెయ్యాలో రాయి.

నీ
రేణు


హోసూరు,
ఫిబ్రవరి, శుక్రవారం

రేణూ,

కంగారుపడకు. మొదటి సంగీతం వినిపించిందంటే స్పీకరు బతికే ఉంది. గొంతు కూడా లోపలే ఉంది, దాన్ని లేపేవాళ్లే లేరు. వర్షన్ మారినప్పుడు మనకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. కళ్లున్నవాళ్లకు అది అవసరం లేదు కాబట్టి ఆగిందని కూడా వాళ్లకు తెలియదు.

కీబోర్డు కింది వరుసలో, ఎడమవైపు, కంట్రోల్‌కూ ఆల్ట్‌కూ మధ్య ఒక కీ ఉంటుంది. ఆ కీ, ఆల్ట్, ఎస్ మూడూ కలిపి నొక్కు. లేస్తుంది.

లేచాక ఇంగ్లీషు మాత్రమే మాట్లాడుతుంది. తెలుగు అక్షరం వచ్చినచోట ఏమీ అనకుండా దాటిపోతుంది. అప్పుడు భయపడకు. అప్‌గ్రేడ్‌లో తెలుగు గొంతు కొట్టుకుపోయింది, అంతే. సాఫ్ట్‌వేర్ల జాబితాలో గొంతుల విభాగం ఉంటుంది. అందులో తెలుగు వెతికి మళ్లీ వేసుకో. నేను ఈ కొత్త వర్షన్ దీపావళికే వేసుకున్నాను. ఈ రెండు అవస్థలూ పడ్డాను కాబట్టే చెబుతున్నాను.

మా ఇంట్లో అందరూ కులాసా. దుకాణంలో బిల్లింగుకు ఇప్పుడు నేను కూర్చోవడం లేదు. సుమ వదిన చూసుకుంటోంది. నేను లోపలి గదిలో ధనియాలు, జీలకర్ర పొట్లాలు కడుతున్నాను. ఎన్నేళ్లని ఆ కౌంటర్లో కూర్చోను? కొంచెం విశ్రాంతి కావాలనిపించింది.

ఫోన్ మాత్రం చెయ్యకు. రాసిందైతే వేలికింద నిలకడగా ఉంటుంది. ఒకటికి రెండుసార్లు చదువుకోవచ్చు.

అర్పిత


కృష్ణగిరి,
మార్చి మొదటి వారం

అర్పితమ్మగారికి దండాలు!

మాట్లాడింది! మూడు కీలూ నొక్కగానే ఆఫీసంతా అదిరేలా ఇంగ్లీషులో అరిచింది. హేమంత్ స్పీకరు ఫుల్లుగా పెట్టి వదిలేశాడు మరి. టీ తెచ్చిన శశికళక్క చేతిలో గ్లాసులు గలగలలాడాయి. "అయ్యో దేవుడా, దీనికి ఏమి వచ్చెనే!" అంది.

నువ్వు చెప్పినట్టే తెలుగు పేర్లన్నీ మింగేసింది. రైతుల జాబితా తెరిస్తే అంకెలు మాత్రం చదివి, పేరు వచ్చినచోట ఊపిరి పీల్చుకున్నట్టు ఆగింది. గొంతుల జాబితాలోంచి తెలుగు తెచ్చి వేసుకున్నాను. ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు, అన్నీ నేనే నొక్కాను. ఆ పాత గొంతే వచ్చింది. చెంబులో తలపెట్టి మాట్లాడినట్టుండే ఆ గొంతు ఇంత తియ్యగా ఉంటుందని ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. జాబితాలో మొదటి పేరు కేశవప్ప. దాన్ని మూడుసార్లు చదివించుకున్నాను.

కోదండరామయ్య సార్ వచ్చి, "వచ్చేసెనా అమ్మా గొంతు?" అన్నారు.

"వచ్చేసె సార్. హోసూరినుంచి వచ్చె" అన్నాను.

ఒక్కటి అడగాలి. ఇంత తెలిసినదానివి, ఆ కౌంటర్ని నువ్వు వదలడమేమిటి? దుకాణానికి కంప్యూటర్ పెట్టించిందే నువ్వు. తూకాలూ ఖాతాలూ నోటికి చెప్పేదానివి. విశ్రాంతి అంటే నేను నమ్మాలా?

రేణు


హోసూరు,
మార్చి

రేణూ,

గొంతు తిరిగొచ్చినందుకు చాలా సంతోషం. నువ్వే చేసుకున్నావు, అది ఇంకా సంతోషం.

బిల్లింగ్ సంగతి వదిలెయ్. సుమ వదిన బాగా చేస్తోంది. నాన్నకూ ఇబ్బంది లేదు.

ఎండలు ముదిరాయి. నీళ్లు బాగా తాగు.

అర్పిత


కృష్ణగిరి,
ఏప్రిల్

అర్పితా,

సీజన్ మొదలైంది. లారీలు, క్రేట్లు, ఒకటే గోల. ఆఫీసంతా మామిడి వాసన. నేను బాగున్నాను. కంప్యూటర్ బాగుంది. అందరూ బాగున్నారు. రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

రేణు


హోసూరు,
ఏప్రిల్

రేణూ,

"బాగున్నాను" అనే మాటలో నీ చుక్కలు కాగితాన్ని చించి అటువైపుకు వచ్చాయి. "కంప్యూటర్ బాగుంది" అన్నచోట నా వేలికి రంధ్రమే తగిలింది. పళ్లు కొరుక్కుంటూ రాసినదాన్ని నేను గుర్తుపట్టనా? లెక్కల టీచరు నిన్ను అన్యాయంగా క్లాసు బయట నిలబెట్టిన రోజు నువ్వు రాసిన చీటీ కూడా ఇలాగే ఉండింది.

ఏమైందో రాయి. మొత్తం రాయి. ఏదీ తగ్గించకు.

అర్పిత


కృష్ణగిరి,
ఏప్రిల్ చివర

అర్పితా,

రాస్తాను. రాస్తే ఏడుపు వస్తుందని రాయలేదు.

నేనిప్పుడు గేటు దగ్గర కూర్చుంటున్నాను. లోడుతో వచ్చే రైతులకు టోకెన్లు ఇచ్చి, కుండలోంచి మంచినీళ్లు పోస్తున్నాను. నా కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుంది.

మూడు తప్పులు చేశాను. మొదటిది, ఫ్యాక్టరీకి నూట ఇరవై క్రేట్లు పంపాలి. కంప్యూటర్ ఇరవై అంది, నేను ఇరవై అనే చెప్పాను. అంత పెద్ద లారీ ఇరవై క్రేట్లతో వెళ్లింది. రెండోది ఇంకా ఘోరం. నాకు "పల్లి" అనే వినిపించింది. మా జిల్లాలోని పోచంపల్లి అనుకుని లారీని అటు పంపాను. అది గురుబరపల్లి. అక్కడ గుర్రప్ప అనే రైతు కాయలు కోసి, గంపల్లో పెట్టుకుని, ఎండలో సాయంత్రందాకా రోడ్డుమీద నిలబడ్డాడు. లారీ పోచంపల్లి సంత జనంలో ఇరుక్కుపోయింది. సగం కాయలు మెత్తబడ్డాయి. మర్నాడు ఆయన ఆఫీసుకు వచ్చాడు. నామీద అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "చూపు లేని పిల్లను ఎందుకప్పా ఇంత పనికి పెడతారు, పాపం" అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది.

మూడోది, రద్దయిన ఆర్డరు. జవళగిరిది. రద్దయినట్టు నాకు వినపడనే లేదు. ఊరిపేరు మాత్రం విని, లోడు కట్టించేశాను.

ప్రతిసారీ స్క్రీన్ మీద సరిగానే ఉంది. అందరూ చూసి చెప్పారు. హేమంత్ కూడా వచ్చి చూసి, "మిషన్లో యాడా తప్పు లేదు అక్కా" అన్నాడు. మూడుసార్లూ జరిగింది ఒకటే. ఫోన్లో అవతలివాళ్లు చెప్పేదంతా విని, వాళ్లు ఆపాక కీ నొక్కాను. నొక్కి విన్నాను. శ్రద్ధగానే విన్నాను, ఒట్టు.

సార్ కోప్పడలేదు. "లోడు తప్పిపోతే రైతు నోట్లో మట్టి పడతాదమ్మా. ఈ సీజన్ వరకూ గేటు దగ్గర వుండు" అన్నారు. సీజన్ అయిపోతే ఈ ఆఫీసులో నాతో పనేముంటుంది?

బహుశా నాకు చేతకాదేమో. అందరూ అనుకున్నది నిజమేనేమో.

రేణు


హోసూరు,
ఉత్తరం అందిన రోజే

రేణూ,

చేతకాకపోవడం ఏమీ లేదు.

నీ మూడు తప్పులనూ పక్కపక్కన పెట్టి చదివాను. నూట ఇరవైలో "నూట" పోయింది. గురుబరపల్లిలో "గురుబర" పోయింది. మూడోదాంట్లో "రద్దు" పోయింది. పరధ్యానంగా వినేవాళ్లు ఎక్కడైనా తప్పుగా వింటారు, మధ్యలోనో చివర్లోనో. నువ్వు మూడుసార్లూ మొదటి మాటే పోగొట్టుకున్నావు. మూడుసార్లూ అంతకుముందు కంప్యూటర్ చాలాసేపు మాట్లాడకుండా ఉంది, నువ్వు ఫోన్లో ఉన్నావు కాబట్టి.

నీ ఉత్తరం కింద పెట్టి నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాత బిల్లు ఒకటి తెరిచాను. చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే ఉన్నాను. తర్వాత కీ నొక్కాను. "అయిదు కిలోలు" అంది. ఆలస్యం చెయ్యకుండా మళ్లీ నొక్కాను. "ఇరవై అయిదు కిలోలు" అంది. మళ్లీ ఊరికే ఉండి నొక్కాను. "అయిదు." వెంటనే నొక్కాను. "ఇరవై అయిదు."

ఎన్నిసార్లు చేశానో తెలియదు. సుమ వదిన గదిలోకి వచ్చి చూసేసరికి నేను బల్లమీద తలపెట్టి ఏడుస్తున్నాను. ఏడుపులోనే నవ్వుతున్నాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నీకు చెబుతాను.

దీపావళి తర్వాతినుంచి నాకూ బిల్లులో తూకాలు తప్పుగా వినిపిస్తున్నాయి. ఒకరోజు ఒకాయనకు ఇరవై అయిదు కిలోల బియ్యానికి అయిదు కిలోలకే బిల్లు వేశాను. ఇంకోరోజు పెళ్లి సామాను జాబితా సగం తప్పింది. నాన్న ఒక్క మాట అన్లేదు. నేను మాత్రం నా చెవులు పోతున్నాయనుకున్నాను.

కళ్లు లేకుండా బతకడం మనకు పుట్టుకతో వచ్చింది. చెవులు కూడా లేకుండా బతకడం మాత్రం ఏ స్కూల్లోనూ నేర్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లే ధైర్యం రాలేదు. ఆయన అవునంటే తర్వాత ఎలా బతకను? అందుకే కౌంటరు వదిన చేతిలో పెట్టి లోపలి గదిలోకి వచ్చేశాను. అందుకే ఫోన్ మానేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ నువ్వు "ఏమే, వినపడలేదా?" అని ఒక్కసారి అంటే చాలు, అక్కడే కూలిపోయేదాన్ని. భయంలో ఎవరు మాట్లాడినా సగమే వినపడినట్టు ఉండేది.

పాత వర్షన్‌లో ఇలా జరగలేదు. కొత్త వర్షన్‌తో పాటు వచ్చిన వివరాలన్నీ చదివించుకున్నాను. సంగతి ఇది. కరెంటు ఆదా కోసం, కొన్ని సెకన్లు శబ్దం లేకపోతే సౌండ్ కార్డును నిద్రపుచ్చుతుంది. మళ్లీ మాట వచ్చినప్పుడు సౌండ్ కార్డు లేచి ఒళ్లు విరుచుకునేలోపల మొదటి మాట గాలికి పోతుంది. పాటలు వినేవాళ్లకు అది తెలియనే తెలియదు. మనలాంటివాళ్లకు ఆ మొదటి మాటలోనే లారీ ఉంటుంది, బియ్యం ఉంటాయి.

మందు చిన్నదే. సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను రాయాలి. ఎప్పుడూ నిద్రపోవద్దని చెప్పే లైను. వేరే కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కటిగా పొడిచి పంపుతున్నాను. కానీ వెంటనే వెయ్యకు. ముందు సార్‌ని నీ కుర్చీలో కూర్చోబెట్టు. ఆయన చెవులతోనే వినిపించు. ఆ తర్వాత వెయ్యి.

నీ
అర్పిత


కృష్ణగిరి,
మే

నా అర్పితా,

నీ ఉత్తరం గేటు దగ్గర కూర్చునే చదివాను. టోకెన్ కోసం నిలబడిన వాళ్లు "ఏమ్మా, ఇంట్లో ఏమైనా అయ్యెనా?" అని అడిగారు. నువ్వు ఆ గదిలో పొట్లాలు కడుతూ అంత భయాన్ని ఒక్కదానివే మోశావు. నేను ఇక్కడ హాయిగా నిన్ను ఎగతాళి చేశాను. ఒక్క మాట చెప్పి ఉంటే పరుగెత్తుకుని రాకపోయేదాన్నా? సరే, తిట్లు తర్వాత. ముందు జరిగింది విను.

కళ్లు తుడుచుకుని నేరుగా సార్ దగ్గరికి వెళ్లాను. హేమంత్ కూడా అక్కడే ఉన్నాడు.

"సార్, ఒక్క నిమిషం నా కుర్చీలో కూర్చోండి. మానిటర్ ఆపేస్తాను" అన్నాను.

"ఏమమ్మా, నాకు పరీక్షా?"

"మీకు కాదు సార్, ఈ డబ్బాకు."

నవ్వి కూర్చున్నారు. హెడ్‌ఫోన్ పెట్టించాను. కంప్యూటర్‌ను అలాగే వదిలేసి, మామిడి రేటు ఈసారి ఎట్లా వుంది, ఎండ ఎట్లా వుంది అని కాసేపు మాటల్లో పెట్టాను. తర్వాత ఆయన ముందునుంచి చెయ్యి చాపి కీ నొక్కాను.

"ఏమని వచ్చె సార్?"

"యాభై."

"హేమంతూ, మానిటర్ వెయ్యి" అన్నాను.

హేమంత్ వేశాడు. అతని గొంతు మారిపోయింది. "సార్... ఈడ నూట యాభై అని వుంది."

"లేదప్పా, యాభై అనే చెప్పె. నేను బాగా వింటిని గదా!"

నేను చెప్పాలనుకున్నదంతా ఆయనే చెప్పేశారు. వెంటనే మళ్లీ నొక్కాను. ఈసారి నూట యాభై అంది. ఆయన హెడ్‌ఫోన్ తీసి హేమంత్‌కు పెట్టారు. కాసేపు ఆగి నొక్కితే అతనికీ యాభయ్యే వినిపించింది.

"అక్కా, నేను స్క్రీన్ చూసినాను గానీ ఒక్కసారి కూడా చెవి పెట్టి వినలేదు గదా" అన్నాడు. బాధగా అన్నాడు. మంచివాడే.

తర్వాత నీ కాగితం ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో చుక్కలు చదువుతూ కుడిచేత్తో ఆ లైను టైపు చేశాను. మిషన్ ఆపి మళ్లీ వేశాను. గదిలో అందరం ఏ కీ తాకకుండా చాలాసేపు కూర్చున్నాం. కీ నొక్కాను. "నూట యాభై." ఇంకోసారి, ఇంకా ఎక్కువసేపు ఆగి నొక్కాను. పూర్తిగా చెప్పింది. శశికళక్క చప్పట్లు కొట్టింది.

సార్ లేచి కుర్చీ నా వైపు జరిపారు. "కూర్చోమ్మా. సీజన్ తలమీద వుంది, ఫ్యాక్టరీ ఫోన్ మోగతా వుంది" అన్నారు. నేను కూర్చోబోతుంటే, "గురుబరపల్లికి నేనే పోతాను. గుర్రప్పకు జరిగింది చెప్పాల" అన్నారు. ఆ సాయంత్రమే వెళ్లి వచ్చారు.

ఇప్పుడు నీ సంగతి చెప్పు. కౌంటర్లో కూర్చున్నావా లేదా?

రేణు


హోసూరు,
మే

రేణూ,

నిన్న ఫోన్లో గంటసేపు వాగాం. అయినా చేతికి సూది అలవాటైపోయింది, రాయకుండా ఉండలేకపోతున్నాను.

కూర్చున్నాను. మా మిషన్లోనూ ఆ లైను వేసి, ఉదయం దుకాణం తలుపులు తీసేసరికి నేనే కౌంటర్లో ఉన్నాను. నాన్న పూజ ముగించుకుని వచ్చి, కుర్చీలో నన్ను చూసి ఆగిపోయారు. "ఏమి తల్లీ, బాగుండావా?" అన్నారు. అన్నీ చెప్పాను. చెవుల భయం కూడా చెప్పాను. ఆయన అగరొత్తుల వాసనతో దగ్గరికి వచ్చి నా తలమీద చెయ్యి పెట్టారు. "ఇంత భయాన్ని పెట్టుకుని అన్ని రోజులూ లోపల కూర్చున్నావా? నేను నీ అలసట అనుకుంటిని గదమ్మా" అన్నారు. సుమ వదినైతే ఎగిరి గంతేసింది. ఆమెకు ఆ బిల్లింగ్ అంటే మొదటినుంచీ తలనొప్పేనట, నాకోసం మోసిందట! సాయంత్రందాకా బిల్లులు వేశాను. ఒక్క తూకమూ తప్పలేదు.

కానీ నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటుంది. ఈ వర్షన్ ప్రపంచమంతా వేసుకుంటోంది. మనలాంటివాళ్లు ఎందరు తమ చెవులను అనుమానించుకుంటూ కూర్చున్నారో. దీన్ని తయారుచేసేవాళ్లకు తప్పులు చెప్పడానికి ఒక పేజీ ఉంటుంది, ఎవరైనా రాయవచ్చు. మొత్తం వివరంగా ఇంగ్లీషులో రాశాను. జవాబు వచ్చింది. "మా మిషన్లలో ఇలా జరగడం లేదు" అన్నారు. మర్యాదగానే రాశారు, కానీ అక్కడితో ఆపేసేలా ఉన్నారు. మా మిషన్ ఒక్కటే చూపిస్తే సరిపోదు. రెండో ఊర్లో, రెండో మిషన్ మీద కూడా జరుగుతోందని చూపించాలి. స్క్రీన్ కనబడుతూ గొంతు వినబడేలా వీడియో తియ్యించగలవా? దానికోసం నువ్వు ఆ లైను తీసేసి మళ్లీ చెడగొట్టుకోవాలి. అడగడానికి మనసొప్పడం లేదు, కానీ అడుగుతున్నాను.

అర్పిత


కృష్ణగిరి,
జూన్

అర్పితా,

తీశాం! నీ ఫోన్‌కు పంపేశాను. అందులో వినబడే కేకల సంగతి మాత్రం ఇక్కడ చదువు.

లైను తీసేస్తానంటే సార్ హడలిపోయారు. "బాగైందాన్ని మళ్లీ ఎందుకమ్మా చెడగొట్టేది?"

"మనకు బాగైంది సార్. ఇంకోళ్లకూ కావాల గదా" అన్నాను. అంతే, ఇంక అడ్డు చెప్పలేదు.

హేమంత్ ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. చిక్కెక్కడ వచ్చిందంటే, ఈ బగ్ బయటపడాలంటే ముందు మిషన్ కాసేపు నిశ్శబ్దంగా ఉండాలి. వీడియోలో మిషన్ గొంతు స్పష్టంగా వినబడాలి. సీజన్లో మా ఆఫీసులో నిశ్శబ్దమా! మొదటిసారి లారీ హారన్. రెండోసారి కూలీలు క్రేట్లు దబదబా వేశారు. మూడోసారి ఎవరో రైతు కిటికీలోంచి తలపెట్టి, "ఏమి సినిమా తీస్తా వుండారు?" అన్నాడు.

అప్పుడు కోదండరామయ్య సార్ వాకిట్లోకి వెళ్లి, ఆ సన్నటి మనిషి, ఎంత గట్టిగా అరిచారంటే! "అందరూ ఒక్క నిమిషం నోరు మూసుకోండప్పా! బండ్లు ఆపండి! మా రేణు పని చేస్తా వుంది!"

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. అంత పెద్ద వాకిలి, అన్ని లారీలు, అంతమంది జనం. ఒక్క దగ్గు కూడా లేదు. నా వేలు కీ మీద ఉంది. జీవితంలో ఎప్పుడూ అంతమంది నాకోసం అలా ఆగలేదు.

నొక్కాను. "యాభై."

మళ్లీ నొక్కాను. "నూట యాభై."

హేమంత్ "వచ్చేసె!" అని అరిచాడు. వాకిట్లోవాళ్లకు ఏం వచ్చిందో తెలియదు, అయినా అందరూ ఈలలు, కేకలు, హారన్లు! ఆ గోలంతా వీడియోలో ఉంది. కత్తిరించమంటావా?

రేణు


హోసూరు,
జూన్ చివర

రేణూ,

కత్తిరించలేదు. గోలతో సహా పంపాను. ఇక జవాబు విను.

మొదట తయారుచేసేవాళ్లలో ఒకామె రాసింది. వీడియో మూడుసార్లు చూశాననీ, తన మిషన్లో ఎప్పుడూ పాటలు మోగుతూనే ఉంటాయి కాబట్టి సౌండ్ కార్డు ఎన్నడూ నిద్రపోలేదనీ, పాటలు ఆపి కూర్చుంటే తనకూ మొదటి మాట పోయిందనీ. చివర్లో "ఆ కేకలు ఎవరివి?" అని అడిగింది. మామిడి రైతులవని రాశాను.

ఈ వారం అప్‌డేట్ వచ్చింది. చదివి వినిపించే గొంతు పనిచేస్తున్నంతసేపూ సౌండ్ కార్డు నిద్రపోకూడదని మార్చేశారు. ఎవరూ ఏ లైనూ రాసుకోనక్కర్లేదు. కింద, తప్పు కనిపెట్టినవాళ్ల పేర్లు ఉన్నాయి: రేణు, కృష్ణగిరి. అర్పిత, హోసూరు. నాన్నకు చదివి వినిపించాను. ఆయన దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. చింతపండు కొనడానికి వచ్చినవాళ్లకు సౌండ్ కార్డు నిద్ర గురించి చెబుతున్నారు, పాపం వాళ్లు తల ఊపుతున్నారు.

ఆ పేజీలో మన ఫిర్యాదు కింద చాలామంది రాశారు. ఎక్కడో చలిదేశంలో ఉండే ఒక ముసలి పియానో మాస్టారు, మనలాగే చూపు లేనాయన, పోయిన శీతాకాలం నుంచి తన చెవులు పోయాయనుకుని పాఠాలు చెప్పడం మానేశాడట. మనం రాసింది తన మనవరాలు చదివి వినిపించిందట. "మళ్లీ పియానో మూత తెరిచాను" అని రాశాడు. అది విని నేను కౌంటర్లోంచి లేచి పెరట్లోకి వెళ్లిపోయాను, బిల్లు మధ్యలో వదిలేసి. వదిన తిట్టుకుంటూ పూర్తిచేసింది.

ఇంకొకటి. ఇకమీదట కొత్త వర్షన్ బయటికి రాకముందే మొదట నా చెవులతో పరీక్షించి చెప్పమని అడిగారు. ఒప్పుకున్నాను. "మీ ప్రాంతంలో ఇలా వినగలిగినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అని కూడా అడిగారు. ఉన్నారని, నాకంటే బాగా వింటుందని నీ పేరు రాసేశాను. నిన్ను అడగలేదు. అడిగితే "నాకు చేతనవుతుందా" అంటావని.

కోపం వస్తే ఆదివారం బస్సెక్కి వచ్చి తిట్టు. హోసూరు బస్టాండ్‌లో నిలబడి ఉంటాను. బస్సు దిగి గట్టిగా ఒక్క కేక వెయ్యి. ఎంత గోలలో ఉన్నా నాకు వినబడుతుంది.

నీ
అర్పిత